మర్రిపాలెంలో రెండు బాతుపిల్లలు, ఒకటి కుంటుతోంది

కొండవాలు | జూలై 6, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం మర్రిపాలెంలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నాం. పై వాటాలో ఇంటివారు. వెనక ఆరడుగుల వెడల్పున ఖాళీ జాగా, ఒక కుళాయి, బట్టలు ఉతికే బండ, గోడ వారన అరటి చెట్టు. మా ఆయనను సంతకు వంకాయల కోసం పంపితే అట్టపెట్టెలో రెండు బాతుపిల్లలను పెట్టుకుని వచ్చారు. పుట్టి వారం అయిందని అమ్మినామె చెప్పిందట. అది జరిగి పది రోజులు. పాప వాటికి జంతిక, బూందీ అని పేర్లు పెట్టేసింది కాబట్టి ఇక వెనక్కి ఇవ్వడమనే మాట లేదు.

నిన్నటి నుంచి బూందీ కుంటుతోంది. రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడుతోంది. దెబ్బ ఏదీ కనిపించలేదు. నానబెట్టిన నూకలు, అన్నం, పాలలో ముంచిన బ్రెడ్డు పెడుతున్నాను. ఇంకో సంగతి. వచ్చిన రోజే టబ్బులో వదిలితే రెండూ హాయిగా ఈదాయి, బయటికి తీశాక గంటసేపు వణికాయి. బాతు నీళ్లకు వణకడం ఏమిటో నాకు అర్థం కాలేదు. తెలిసినవారు చెప్పండి.

తవుడుబస్తా | రాత్రి 10:05
ముందు ఆ పాలూ బ్రెడ్డూ ఆపండి. పిట్టకు పాలేమిటండీ, అది పిల్లికూన కాదు. బ్రెడ్డు కడుపు నింపుతుందే గానీ ఒంటికి పట్టదు. మాది పెందుర్తి. మా నాన్న ఇంటి వెనక ముప్పై బాతులు పెంచేవారు, ఒక్కటీ బ్రెడ్డు ముఖం చూడలేదు. నేల ఎలాంటిది? నున్నటి గచ్చు అయితే పిల్లల కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి.

సముద్రపుగాలి | రాత్రి 10:11
వంకాయలు ఏమయ్యాయి?

కొండవాలు | రాత్రి 10:14
వంకాయలు ఇవాళ్టికీ రాలేదు. నేల గచ్చే. పైన పాత పేపర్లు పరిచాను.

తవుడుబస్తా | రాత్రి 10:20
తడిసిన పేపరు గచ్చు కంటే ఎక్కువ జారుతుంది. తీసిపారేసి గోనెపట్టా వేయండి. వరి ఊక దొరికితే రెండంగుళాల మందాన పోయండి, తడిసినంత మేర రోజూ తీసి కొత్తది వేయవచ్చు.

రిటైర్డు వెటర్నరీ | జూలై 7, ఉదయం 6:20
అమ్మా, నేల మార్చడం మంచిదే గానీ మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ముందు నయాసిన్ లోపం మీదే అనుమానం. బి విటమిన్లలో అదొకటి. శరీరం దాన్ని కొంతవరకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకోగలదు. కోడిపిల్ల ఆ పని బాగానే చేస్తుంది, బాతుపిల్లకు అంతగా చేతకాదు. అందుకే దాని మేతలో కిలోకు సుమారు 55 మిల్లీగ్రాముల నయాసిన్ ఉండాలంటారు. కోడిపిల్లకు అందులో సగానికి కాస్త పైన చాలు. నూకల్లో, మొక్కజొన్నలో ఉన్న కొద్దిపాటి నయాసిన్ కూడా ఒంటికి అందని రూపంలో ఉంటుంది. నూకలూ అన్నం మాత్రమే తిన్న బాతుపిల్ల రెండు మూడు వారాలకు సరిగ్గా ఇలాగే కూలబడుతుంది.

కోడిపిల్లల స్టార్టర్ మేత తెండి. గుడ్లు పెట్టే కోళ్ల మేత వద్దు. అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి. మేత మీద బ్రూవర్స్ ఈస్ట్ పొడి చల్లండి, పచ్చి బఠాణీలు చిదిమి పెట్టండి. నీళ్లలో కలిపే బి కాంప్లెక్సు ద్రావణం పశువుల మందుల దుకాణంలో దొరుకుతుంది. మోతాదు మాత్రం పిల్లను చూసిన డాక్టరు చెప్పాలి, కాబట్టి దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. బెణికిందో ఎముక విరిగిందో చేత్తో పట్టి చూస్తే గానీ తెలియదు. అన్నట్టు, మీరు మోకాలు అంటున్నది దాని మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గర ఈకల్లో దాగి ఉంటుంది.

కొల్లేటిగట్టు | ఉదయం 8:02
వణకడం గురించి నేను చెబుతాను. మాది కైకలూరు దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల గాజువాకలో ఉంటున్నాను. బాతు తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. కొన్ని వారాల పిల్లకు ఆ గ్రంథి ఇంకా పూర్తిగా పని చేయదు. తల్లి కింద పెరిగితే తల్లి ఒంటి నూనె పిల్లల నూగుకు అంటుతుంది. సంతలో కొన్న పిల్లకు తల్లి ఏది? పొదుగు యంత్రంలో పుట్టి పెట్టెలో పెరిగింది. నీళ్లలో దింపితే నూగు తడిసి చలికి బిగుసుకుపోతుంది, మునిగిపోవచ్చు కూడా. ఈకలు వచ్చేదాకా, అంటే ఎనిమిది వారాల వరకు, ఐదు నిమిషాల కంటే ఎక్కువ వదలకండి. అదీ ఎండపూట, గోరువెచ్చటి నీళ్లలో, మీరు పక్కనే ఉండి. తర్వాత పొడి గుడ్డతో తుడవాలి.

తాగే గిన్నె మాత్రం లోతుగా ఉండాలి. ముక్కు, కళ్లు మునిగేంత. బాతు మేత నోట్లో పెట్టుకుని నీళ్లకు పరుగెత్తుతుంది. ముక్కు రంధ్రాల్లో చేరిన మేతను నీళ్లలోనే కడుక్కోవాలి.

కొండవాలు | ఉదయం 8:30
మేత గిన్నెకూ నీళ్ల గిన్నెకూ మధ్య అటూ ఇటూ పరుగెత్తుతూ నేలంతా గంజి చేస్తుంటే అల్లరి అనుకుని పాప వాటిని కోప్పడింది. పాపం. సాయంత్రం ఆసుపత్రికి వెళతాం.

కొండవాలు | జూలై 15, రాత్రి 8:50
డాక్టరు పట్టి చూసి ఎముక విరగలేదన్నారు. ఇక్కడ చెప్పిన మాటే చెప్పి బి కాంప్లెక్సు రాసిచ్చారు. మూడో రోజుకు నిలబడింది. ఇవాళ గడప దాటి వంటింట్లోకి వచ్చి నా మెట్టె పొడిచింది. రిటైర్డు డాక్టరుగారికి నమస్కారాలు.

రిటైర్డు వెటర్నరీ | జూలై 16, ఉదయం 6:15
సంతోషం. మెరిసేదేదైనా అవి మింగుతాయి. పిన్నులు, స్క్రూలు, జింకు పూత మేకులు నేల మీద లేకుండా చూడండి. జింకు కడుపులో కరిగితే కాళ్లతో ఆగదు. పాపకు ఒక మాట చెప్పండి: బాతును ముద్దు పెట్టుకోకూడదు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా అనే రోగక్రిమి పైకి ఆరోగ్యంగా ఉన్న పక్షిలోనూ ఉంటుంది.

మూడో అంతస్తు | జూలై 16, రాత్రి 11:20
ఇంత ఉత్సాహంగా ఉన్న చోట ఈ మాట చెప్పడానికి మనసు రావడం లేదు, అయినా చెబుతాను. మేము సీతమ్మధారలో అపార్టుమెంటులో ఉంటాం. నిరుడు బాల్కనీలో రెండు బాతులు పెంచాం. కుక్కకు నేర్పినట్టు బాతుకు ఒక చోటే రెట్ట వేయాలని నేర్పలేం. పావుగంటకొకసారి, ఉన్న చోటే. అది నీళ్లలా ఉంటుంది, పలకల సందుల్లోకి దిగుతుంది. పొద్దునా సాయంత్రం కడిగినా కాలువ గొట్టం పూడింది. రెండో అంతస్తు వారి కిటికీ చూరు మీద పచ్చటి చార పడింది. వారు మంచివారు, రెండు నెలలు ఓర్చుకున్నారు. మూడో నెల సంఘం సమావేశంలో మా బాతులే మొదటి అంశం. ఇద్దరు బాతుల పక్షం కూడా మాట్లాడారనుకోండి, వారి ఇళ్లు మా కింద లేవు.

చివరికి బాతుకు అరికాలు వాచి నల్లటి చెక్కు కట్టింది. గట్టి నేల మీద ఎప్పుడూ తడిలో నిలబడినందుకట. బాతును కాదండీ, మనం పెంచేది నీళ్లను. ఎక్కడి నుంచి తెస్తారు, ఎక్కడికి పంపుతారు, ఇది తేలకుండా పిల్లలను తేవద్దు. మావి భీమిలి దగ్గర తెలిసినవారి తోటలో ఉన్నాయిప్పుడు.

సముద్రపుగాలి | జూలై 17, ఉదయం 7:05
మాది బీచ్ రోడ్డు దగ్గర. మా బోరు నీళ్లతో పప్పు వండితే ఉప్పు వేయనక్కర్లేదు. ఆ నీళ్లు బాతులకు పెట్టవచ్చా?

రిటైర్డు వెటర్నరీ | ఉదయం 7:30
తాగడానికి వద్దు. పిల్లలు ఉప్పుకు తట్టుకోలేవు. కుళాయి నీళ్లే పట్టి ఉంచండి.

వీధిచివర | జూలై 17, మధ్యాహ్నం 1:15
ఇంత తంటా ఎందుకండీ? కాస్త పెద్దవయ్యాక మేఘాద్రిగెడ్డలోనో ముడసర్లోవలోనో వదిలేస్తే వాటి బతుకు అవే బతుకుతాయి. లేదంటే గరం మసాలా వేసి…

పక్షిచూపు | మధ్యాహ్నం 1:48
మసాలా సంగతి పాప చదవకుండా చూడండి. వదలడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. సంతలో అమ్మే బాతు బరువుకు ఎగరలేదు. కుక్క వస్తే పరుగెత్తాలి, ఆ పరుగు మీరు చూశారు కదా. మన చెరువుల్లో ఉండే చుక్కముక్కు బాతులతో ఇవి జతకడితే అడవి జాతి సంకరం అవుతుంది. పైగా మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ తాగునీటి జలాశయాలు. ఇంటి బాతుల రోగాలు వలస పక్షులకు, వాటివి వీటికి అంటుకుంటాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను ఎలా పూడ్చిపెట్టారో గుర్తుండే ఉంటుంది. కోడి ఒక్క రోజులో పడిపోయే వైరసును బాతు ఏమీ కానట్టు మోసుకుని తిరగగలదు.

దీనికి తిరగేసిన మాట కూడా చెబుతాను. కొండకర్ల ఆవ సరస్సు వైపు ఎవరైనా అడవి బాతుపిల్లలను పట్టి తెచ్చి అమ్మితే కొనవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం.

వీధిచివర | మధ్యాహ్నం 2:00
మాట వెనక్కి తీసుకున్నాను. మసాలా కూడా.

కొండవాలు | ఆగస్టు 24, రాత్రి 9:10
ఆలస్యానికి మన్నించండి. గోధుమరంగు నూగు పోయి ఖాకీ రంగు ఈకలు వచ్చాయి. ఖాకీ క్యాంప్‌బెల్ అని డాక్టరు అన్నారు. వారం నుంచి బూందీ గొంతు మారింది. బక్‌బక్‌బక్ అని వీధి చివరికి వినిపించేలా అరుస్తుంది. జంతికకు జలుబు చేసినట్టుంది, బొంగురుగా గొణుగుతున్నాడో గొణుగుతోందో తెలియదు. మందు ఇవ్వాలా?

కొల్లేటిగట్టు | రాత్రి 9:25
జలుబు కాదు, మగవాడు. పెద్దగా అరిచేది ఆడ బాతు ఒక్కటే. మగ బాతుకు ఆ బొంగురు గుసగుసే ఉంటుంది. ఇంకో రెండు నెలలకు తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి సుళ్లు తిరుగుతాయి, చూడండి. మా ఊరి వైపు కోతలయ్యాక వందల బాతులను మళ్లలోకి తోలుకుపోతారు. రాలిన గింజ, నత్త, పురుగు ఏరుకుంటూ సాగుతాయి. దూరం నుంచి వినిపించే ఆ గోలంతా ఆడవాటిదే. మగవి నడుస్తాయంతే.

సముద్రపుగాలి | రాత్రి 9:31
మా ఇంట్లోనూ అంతే.

కొండవాలు | ఆగస్టు 25, మధ్యాహ్నం 3:20
మూడో అంతస్తుగారి మాట నన్ను వదలలేదు. మా నీళ్ల ఏర్పాటు చెబుతాను, తప్పులుంటే దిద్దండి.

మా వీధికి కుళాయి పొద్దున ఒక గంట వస్తుంది. మొదట చిన్న ప్లాస్టిక్ టబ్బు వాడాను. రెండూ దిగితే పది నిమిషాల్లో నీళ్లు టీ రంగుకు వస్తాయి. టబ్బు ఎత్తి ఒంపబోతే నడుము పట్టేసింది. అప్పుడు పాత సామాన్ల కొట్టులో ఎనభై లీటర్ల నల్ల టబ్బు కొన్నాం. ప్లంబరు దాని అడుగున, పక్కవైపు రంధ్రం చేసి గొట్టం బిగించి మూత పెట్టాడు. అడుగున అంగుళం మేర బురద పేరుకుని గొట్టం మూసుకుపోయేది. టబ్బు కింద అవతలి పక్క ఇటుక పెట్టి గొట్టం వైపు వాలుగా ఉంచాక బురద కూడా నీళ్లతోనే జారిపోతోంది. గొట్టం చివర అరటి పాదులోకి. అక్కడ నిండితే కాలువ తీసి గోంగూర మడిలోకి. మూత తిప్పగానే బూందీ పరుగెత్తుకొచ్చి నీళ్లు పడే చోట ముక్కు పెట్టి నిలబడుతుంది, ఆ ధార ఆగేదాకా కదలదు. అరటి ఈసారి వేసిన గెల చూసి పై వాటా పిన్నిగారే ఆశ్చర్యపోయారు. ఆమెకు బూందీ అరుపు నచ్చదు, గెల నచ్చింది.

తవుడుబస్తా | సాయంత్రం 5:00
ఇటుక ఉపాయం బాగుంది. ఆ నీళ్లు ఆకుకూర మీద పడనివ్వకండి, మొదట్లోనే పారాలి. కోసిన గోంగూర బాగా కడగండి. రాత్రిళ్లు ఎక్కడ పెడుతున్నారు? కొండ పక్క ఇళ్లకు ముంగిసలు వస్తాయి. కోళ్లకు వేసే పెద్ద కన్నుల వల బాతును లోపల ఉంచుతుంది గానీ పందికొక్కును బయట ఉంచలేదు. అర అంగుళం కన్ను ఉన్న వెల్డింగు మెష్ వేయించండి, అడుగున కూడా.

కొండవాలు | సాయంత్రం 5:40
బండ కింద గూడు కట్టించాం, మెష్ వేయిస్తాను. చీకట్లో ఊరికే బెదురుతున్నాయని చిన్న దీపం వదిలేస్తున్నాం. ఒక వింత చూశాను. బూందీ ఒక కన్ను మూసి, మా తలుపు వైపున్న కన్ను తెరిచి పడుకుంటుంది.

పక్షిచూపు | సాయంత్రం 6:10
అది నిద్రే. సగం మెదడు నిద్రపోతుంది, మిగతా సగం కాపలా కాస్తుంది. గుంపులో అంచున పడుకున్న బాతులే ఎక్కువగా అలా చేస్తాయి, బయటి వైపు కన్ను తెరిచి.

కొండవాలు | సెప్టెంబరు 19, ఉదయం 10:30
అత్యవసరం. ముసురుకు మొక్కజొన్న సంచి అడుగున నల్లబడింది. పైనున్నది బాగానే ఉంది. ఎండబెట్టి పెట్టవచ్చా?

రిటైర్డు వెటర్నరీ | ఉదయం 10:41
వద్దు. మొత్తం సంచి పారేయండి. ఎండబెట్టినా వండినా ఆ విషం పోదు. బూజు పట్టిన మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ పుడుతుంది, ఇంటి పక్షులన్నిటిలోకీ దానికి త్వరగా లొంగేది బాతుపిల్లే. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు, బాతుపిల్లలు కుప్పలుగా చచ్చిపోతే కారణం వెతికారు, దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్కలో బూజు దొరికింది. ఈ విషం సంగతి లోకానికి అలాగే తెలిసింది. మన ఊరి గాలిలో చెమ్మ తెలిసిందే. ఒకేసారి పది కిలోలు కొనకండి, వారానికి సరిపడా కొని మూత డబ్బాలో పోయండి.

కొండవాలు | ఉదయం 10:50
పారేశాను. పైది కాస్త పెట్టేశాను నిన్న. కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

రిటైర్డు వెటర్నరీ | ఉదయం 10:58
ఒక్క పూటకు కంగారు పడకండి. మేత మానడం, ముడుచుకుని కూర్చోవడం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లండి.

కొండవాలు | సెప్టెంబరు 22, రాత్రి 8:00
ఏమీ కాలేదు. మేత మానింది నేను.

తవుడుబస్తా | అక్టోబరు 27, సాయంత్రం 6:30
తుపాను హెచ్చరిక ఉంది, గూడు మీద రేకు ఉంటే తాళ్లతో కట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు మా పాక రేకులు ఎగిరిపోయి ఎక్కడ పడ్డాయో ఈనాటికీ తెలియదు. తెల్లారి చూస్తే బాతులు మాత్రం రోడ్డు పక్క గుంటలో ఈదుతున్నాయి. రేకు తగిలి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

కొండవాలు | అక్టోబరు 29, ఉదయం 9:00
రెండు రాత్రులు స్నానాలగదిలో పెట్టుకున్నాం. మేము పెరట్లో స్నానం చేశాం, వానలోనే. ఇంకేమీ చెప్పను.

కొండవాలు | డిసెంబరు 2, రాత్రి 9:30
రెండు విషయాలు. బూందీ మొన్న తెల్లవారుజామున బండ కింద గుడ్డు పెట్టింది. పాప దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండోది మంచిది కాదు. జంతిక రోజంతా బూందీ మెడ పట్టుకుని వెంటపడుతున్నాడు. మెడ వెనక ఈకలు ఊడి చర్మం కనిపిస్తోంది. టబ్బులో ఉన్నప్పుడు దాని తలను నీళ్లలో ముంచేస్తున్నాడు. అడ్డం మెష్ కట్టి విడిగా ఉంచితే ఇద్దరూ మెష్‌కు అటూ ఇటూ నిలబడి రోజంతా అరుపు.

కొల్లేటిగట్టు | రాత్రి 9:52
ఒక మగవాడికి కనీసం మూడు నాలుగు ఆడవి ఉండాలి. జంటగా పెంచితే ఆడదానికి ఊపిరి ఆడదు. నీళ్లలో మునిగి చచ్చిపోయిన వాటిని చూశాను. మరో మూడింటిని తేవాలి, లేదా ఒకరిని పంపాలి.

మూడో అంతస్తు | రాత్రి 10:15
మరో మూడింటి నీళ్లు లెక్క వేసుకోండి.

కొండవాలు | రాత్రి 10:40
వేసుకున్నాను. గంట కుళాయికి కుదరదు. సబ్బవరం దగ్గర మా అమ్మ వాళ్లింటి వెనక చెరువు, ఆరు ఆడ బాతులు ఉన్నాయి. జంతికను ఒక్కడినే పంపుదామంటే పాప ఒప్పుకోలేదు. "బూందీ రాత్రి ఎవరి వైపు కన్ను తెరిచి పడుకుంటుంది?" అని అడిగింది. ఇద్దరినీ పంపుతున్నాం.

రిటైర్డు వెటర్నరీ | డిసెంబరు 3, ఉదయం 6:10
మంచి పని అమ్మా. వెళ్లగానే మందలో కలపకండి. రెండు వారాలు విడిగా ఉంచి చూడాలి. బాతు ప్లేగు టీకా వేయించారో లేదో మీ అమ్మగారిని కూడా అడగండి.

కొండవాలు | డిసెంబరు 28, సాయంత్రం 7:15
కలిపేశాం. జంతికను అమ్మ వాళ్ల పెద్ద బాతు ఒకటి రోజుకు రెండుసార్లు తరుముతోందట, అమ్మ ఫోనులో నవ్వుతూ చెప్పింది. బూందీ మెడకు నూగు వస్తోంది. పాప ప్రతి ఆదివారం వెళ్లి గుడ్లు లెక్కపెట్టి వస్తుంది. పై వాటా పిన్నిగారు మొన్న వచ్చి, ఈమధ్య తెల్లారుతున్నట్టే తెలియడం లేదమ్మా అన్నారు.

ఎనభై లీటర్ల టబ్బు ఖాళీగా ఉంది. ఎవరికైనా కావాలంటే ఉచితంగా ఇస్తాను, వచ్చి తీసుకెళ్లాలి.

సముద్రపుగాలి | సాయంత్రం 7:22
నాకు కావాలి. మా ఆవిడ రెండు పిల్లలను కొనుక్కొచ్చింది. నేను వంకాయలు కూడా తెమ్మనలేదు.

మూడో అంతస్తు | సాయంత్రం 7:30
తాగే నీళ్లకు ఏర్పాటు చేశారా?

సముద్రపుగాలి | సాయంత్రం 7:34
కుళాయి నీళ్లకు రెండు డ్రమ్ములు కొన్నాను. ఆదివారం ఉదయం వస్తానండీ. గొట్టం సైజు ఎంత?

కొండవాలు | సాయంత్రం 7:41
ముప్పాతిక అంగుళం. మూత జంతిక ఎక్కడో పారేశాడు, వేరేది తెచ్చుకోండి. ఇటుక కూడా ఇస్తాను.